డాక్టరమ్మ ఈరోజు లీవు

పోయిన వారం జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, మీరు నమోదు చేయించిన డాక్టర్లలో మైపాడు దారిలో ఉండే మేడమ్ చనిపోయినారంట గదా. ఆమె నంబరు మూసెయ్యాల. మీ లాగిన్‌లోంచి రిక్వెస్టు పెట్టండి," అన్నాడు అక్కడి ఉద్యోగి. పెడతానన్నాను. ఆమె పోయిన సంగతి నాకు అప్పటికే తెలుసు. ఆమె దగ్గర ఆయాగా ఉండే రిబ్కమ్మ ఫోన్ చేసి, "అమ్మ పొద్దున కాఫీ తాగి కుర్చీలో అట్నే ఒరిగిపోయింది," అని చెప్పి పెట్టేసింది. వెళ్ళి చూసి వచ్చాను.

రిక్వెస్టు మాత్రం ఇంకా పెట్టలేదు. అదేమంత పనీ కాదు. కారణం అని ఒక గడి ఉంటుంది. అందులో మరణం అని ఎంచుకుని నొక్కితే అయిపోతుంది. చెయ్యి పోవడం లేదు. ఆ నంబరు కోసం మొదలుపెట్టిన పని ఎక్కడెక్కడికి పోయిందో తెలిసినవాళ్ళం ఇప్పుడు ముగ్గురమో నలుగురమో మిగిలాం.

నా పని గురించి కాస్త చెప్పాలి. దేశంలో వైద్యం చేసే ప్రతి మనిషికీ, వైద్యం జరిగే ప్రతి చోటుకీ ఒక గుర్తింపు సంఖ్య ఉండాలని కొన్నేళ్ళ కిందట నిబంధన వచ్చింది. డాక్టరుకొకటి, నర్సుకొకటి, ఆస్పత్రికొకటి. అది లేకపోతే ప్రభుత్వ పథకం కింద ఉచిత వైద్యం చేయడం కుదరదు. పెద్ద ఆస్పత్రుల్లో ఆ పనికి మనుషులుంటారు. చిన్నవాళ్ళకు ఎవరుంటారు? నేను అప్పటిదాకా నెల్లూరులో ఒక నర్సింగ్ హోమ్ బిల్లింగ్ కౌంటర్లో ఉండేదాన్ని. అది మానేసి, లాప్‌టాప్ సంచీలో వేసుకుని, కొడవలూరు నుంచి స్కూటీ మీద ఊరూరా తిరిగి ఇలాంటి చిన్న ఆస్పత్రులకు నంబర్లు ఇప్పించడం మొదలుపెట్టాను. నంబర్ల అమ్మాయి అని పేరు కూడా పడిపోయింది.

ఆమె ఆస్పత్రి మైపాడు పోయే రోడ్డు మీద, రొయ్యల గుంటల మధ్య ఉండేది. ముందు వరండా, లోపల నాలుగు మంచాలు, వెనక కాన్పుల గది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె ఒక ముసలాయన కాలికి కట్టు కడుతున్నారు. తలెత్తకుండానే, "పొద్దున ఏం తిన్నావు?" అన్నారు. ముసలాయనను అడిగారనుకున్నాను. "నిన్నే అమ్మాయ్," అన్నారు.

"ఏమీ తినలేదు మేడమ్."

బల్ల మీద ఒక గిన్నెలో ఉల్లిపాయ ముక్కలు కలిపిన మరమరాలు ఉన్నాయి. గిన్నె నా వైపు తోశారు. "తినేసి మాట్లాడు. ఆకలి మీద ఉండేవాళ్ళు ఏం చెప్పినా నేను వినను. సగం రోగం ఆకలే."

వచ్చిన ప్రతివాళ్ళనూ ఆ మాటే అడిగేవారని తర్వాత తెలిసింది. ఏం తిన్నావు అన్న తర్వాతే ఏమైంది అనేవారు. డెబ్బై దాటిన మనిషి. మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారం, భుజం దగ్గర గట్టిగా పిన్ను పెట్టిన నేత చీర, రబ్బరు చెప్పులు. స్టెతస్కోపు బిళ్ళను ముందు తన మెడకు ఆనించుకుని, వెచ్చబడ్డాక రోగి ఛాతీ మీద పెట్టేవారు. మందుల చీటీ తెలుగులో రాసేవారు. ఒక్కో అక్షరం చింతగింజంత. అడుగున పొడి అక్షరాలతో సరిపెట్టకుండా పేరు మొత్తం రాసేవారు. సూది వేయమని గొడవ చేసేవాళ్ళను మాత్రం తిట్టి పంపేవారు. ఆదివారం చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చునేవారట. ప్రసంగం మధ్యలో ఎవరైనా వచ్చి పిలిస్తే లేచిపోవడానికి వీలుగా ఉంటుందని.

నంబరు సంగతి చెప్పాను. విని నవ్వారు.

"ఈ తట్టు పుట్టినోళ్ళలో సగం మంది నా చేతుల్లోకే వచ్చినారు. నేనెవురో అందరికీ తెలుసు. ఇంక నంబరు ఎవురికి కావాలంట?"

"కంప్యూటర్‌కి మేడమ్."

"దానికి రోగం వస్తే అప్పుడు చూస్తాంలే."

"అట్టా కాదు మేడమ్. మీకు నంబరు లేకపోతే ఇక్కడ కాన్పయినవాళ్ళకు పథకం వర్తించదు. టౌన్‌కి పొమ్మంటారు."

ఆ మాటకు ఆగారు. గడియారం వైపు చూసుకుని, "కూర్చో అయితే," అన్నారు.

ఆ రోజు మేం పడిన తిప్పలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆమెది బటన్ల ఫోను. సిగ్నల్ వరండా కిటికీ దగ్గర తప్ప ఎక్కడా అందదు. అందుకని అది ఎప్పుడూ కిటికీ అంచు మీద ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేది. నేను లోపల లాప్‌టాప్ ముందు కూర్చుంటే, ఓటీపీ మెసేజ్ రాగానే రిబ్కమ్మ అక్కడి నుంచి అంకెలు అరిచేది. ఆమె అరిచేలోగా టైమ్ అయిపోయేది. మళ్ళీ పంపించేదాన్ని. వరండాలో కూర్చున్న రోగులు కూడా అంకెలు అందుకుని అరవడం మొదలుపెట్టారు. చివరికి ఎక్కింది. "చూసినావా, ఊరంతా కలిసి సంపాదించినారు నా నంబరు," అన్నారామె.

కానీ నంబరు రాలేదు. కొన్నాళ్ళకు దరఖాస్తు తిరిగొచ్చింది. ఏదో స్కాన్ సరిగా పడి ఉండదనుకుని జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి ఉద్యోగి, "ఆమె నెల్లూరులో ఫలానా ఆస్పత్రిలో ఫుల్‌టైమ్ గదక్కా. ఒకే మనిషి రెండు చోట్ల ఫుల్‌టైమ్ ఎట్టా చేస్తారు? ఇంతకుముందు జాబితాలు ఎవురివి వాళ్ళ దగ్గర ఉండేవి, తెలిసేది కాదు. ఇప్పుడు అన్నీ ఒకచోట కలిపినారు, బయటపడతాండాయి," అన్నాడు.

ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ రాయను. రాసినా దొరకదు. ఆ పేరుతో ఇప్పుడు ఏదీ లేదు.

ఆమెకు చెప్పినప్పుడు ముందు అర్థం కాలేదు. తర్వాత ఆ ఆస్పత్రి ఎవరిదో చెప్పాను. ఆమె చేతిలో ఉన్న మరమరాలు గిన్నెలో వేసేశారు. ఆ డాక్టరు చదువు పూర్తయిన కొత్తలో ఆమె దగ్గరే రెండేళ్ళు పనిచేశాడు. ఆ వెనక గదిలో కాన్పులు చేయడం నేర్చుకున్నాడు. మధ్యాహ్నం ఆమెతో కలిసే అన్నం తినేవాడు. అమ్మా అని పిలిచేవాడు.

"వాడు పొరపాటున పెట్టి ఉంటాడు," అన్నారు. కాసేపటికి, "రేపు నన్ను తీసకపో," అన్నారు.

మర్నాడు స్కూటీ వెనక ఒకపక్కకు కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. ఆస్పత్రి మూడంతస్తులు. లోపల నల్లటి రాతి నేల మెరుస్తోంది. గోడ మీద డాక్టర్ల పేర్ల బోర్డు. పైనుంచి మూడో పేరు ఆమెది. కింద జనరల్ మెడిసిన్ అని రాసి ఉంది. ఆమె సంచీలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, దగ్గరికి వెళ్ళి చదివారు.

"అక్షరం తప్పు లేకుండా రాసినారు," అన్నారు.

తిన్నగా డాక్టరు గదికి పోదామన్నాను. ఆమె వినలేదు. కౌంటరు దగ్గర వరుసలో నిలబడ్డారు. వంతు వచ్చాక అక్కడి అమ్మాయి, "ఏ డాక్టరుకు చూపించుకోవాల మామ్మా?" అంది. ఆమె తన పేరు చెప్పారు.

"ఆ మేడమ్ ఈరోజు లీవు మామ్మా."

"రేపు వస్తే ఉంటారా?"

"రేపా? చెప్పలేం. ఫోన్ చేసుకుని రండి."

"నువ్వు చూసినావా ఆమెను ఎప్పుడన్నా?"

ఆ అమ్మాయి కొత్తగా చేరినట్టుంది. నమ్మకంగా, "నేను వచ్చినప్పటి నుంచి లీవులోనే ఉండారు. చాలా బాగా చూస్తారంట. చెయ్యి మంచిదంట," అంది.

ఆమె తలూపారు. "అవును, నేనూ విన్నా," అని పక్కకు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం పక్కనున్న పిల్లాడి తల్లిని, "వీడు పొద్దున ఏం తిన్నాడు?" అని అడుగుతున్నారు.

ఎవరో వెళ్ళి చెప్పారు కాబోలు, ఆయనే పరుగున వచ్చాడు. యాభై దగ్గర పడిన మనిషి. అందరి ముందూ వంగి ఆమె కాళ్ళకు మొక్కి, తన గదిలోకి తీసుకెళ్ళాడు. నన్ను బయట ఉండమనబోతే ఆమె, "ఆ అమ్మాయి లేకపోతే నాకు ఈ సంగతే తెలిసేది కాదు. ఉండనీ," అన్నారు.

ఆయన కాఫీ తెప్పించాడు. ఆరోగ్యం అడిగాడు. అవన్నీ అయ్యేదాకా ఆగి ఆమె అడిగారు.

"నేను ఇక్కడ ఎన్నేళ్ళ నుంచి పని చేస్తుండా నాయనా?"

ఆయన తల దించుకున్నాడు. "పథకంలో చేరాలంటే ఫుల్‌టైమ్ ఫిజీషియన్ ఒకరుండాలన్నారమ్మా. వచ్చినోళ్ళు నిలవలేదు. అప్పట్లో మీరిచ్చిన మీ సర్టిఫికెట్ కాపీ నా దగ్గర ఉండింది. పేరే గదా అనుకున్నా. మీ పేరుంటే ఆస్పత్రికి దీవెన అనుకున్నా."

"దీవెన కావాలంటే వచ్చి అడుగుతారు. నువ్వు అడగలా."

ఆయన కాఫీ కప్పు ఆమె వైపు జరిపాడు.

"సరే. నా పేరుతో ఏమేం చేసినారు?"

"పెద్దగా ఏం లేదమ్మా. ఓపీలో చూపిస్తాం. ఆపరేషన్‌కి ముందు ఫిట్‌నెస్..." అని ఆగిపోయాడు.

ఫిట్‌నెస్ అంటే, రోగి మత్తుమందు తట్టుకోగలరా లేదా అని ఫిజీషియన్ గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి రాసి ఇచ్చే మాట. అది లేకుండా ఆపరేషన్ చేయకూడదు.

"గుండె ఎవురు విన్నారు?" అన్నారామె.

"డ్యూటీ డాక్టర్లు వింటారు. రద్దీగా ఉన్నప్పుడు ఒక్కోసారి..."

"ఒక్కోసారి ఎవురూ వినలా."

ఆమె బల్ల మీదికి వంగి, చాలా మెల్లగా, "నా చేతిలో ఎవురన్నా పోయినారా?" అని అడిగారు.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు. "ఒక్కరే అమ్మా. గర్భసంచి ఆపరేషన్. బల్ల మీదే గుండె ఆగిపోయింది. మీ తట్టు మనిషే. మైపాడు. కామాక్షి అని."

ఆమె మంచినీళ్ళు అడిగారు. ఆయనే లేచి గ్లాసులో పోసి ఇచ్చాడు. తాగలేదు. రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నారు.

"ఆ పిల్ల గుండెలో వాల్వు బాగలేదురా. పెళ్ళయిన కొత్తలోనే నేను విన్నా. చెవి పెడితే చాలు, వినపడతాది."

"అమ్మా, అయిపోయింది. మీ పేరు ఈరోజే తీసేయిస్తా. మీరు పైకి రాసిచ్చినారంటే ఆస్పత్రి మూతపడతాది. ఇంతమంది పిల్లలు పనిచేస్తుండారు ఇక్కడ."

"పేరు తీసేస్తే కామాక్షి ఎవురి చేతిలో పోయినట్టు?"

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి లేచారు. మేం వస్తుంటే కౌంటర్లో అమ్మాయి, "టోకెన్ వద్దా మామ్మా?" అని వెనక నుంచి పిలిచింది.

కామాక్షి పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆమె కాన్పు డాక్టరమ్మ చేతి మీదే అయింది. ఆపరేషన్‌లో చనిపోయిందని డాక్టరమ్మ విన్నారు గానీ, ఏ ఆస్పత్రిలో అనేది ఎవరూ ఈమెకు చెప్పలేదు. ఆ తర్వాత మైపాడులో వాళ్ళ జాలరి పాలెం జనం ఈమె దగ్గరికి రావడం మానేశారు. సూదులు వేయనని తిట్టినందుకు అలిగారేమో అనుకున్నారట. రిబ్కమ్మకు మాత్రం తెలుసు. ఆ రోజు ఆస్పత్రికి తిరిగొచ్చి జరిగింది చెబితే, రిబ్కమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"పాలెంలో అనుకుంటా ఉంటే విన్నానమ్మా. డాక్టరమ్మ టౌన్ ఆస్పత్రికి సంతకాలు అమ్ముకుంటుండాది, దానివల్లే కామాక్షి పోయింది అని. నేను వాళ్ళతో కొట్లాడినా. మీకు చెబితే తట్టుకోలేరని చెప్పలా."

"చెప్పుండాల్సింది రిబ్కా," అన్నారామె. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. వరండాలో రోగులు ఎదురుచూసి ఎదురుచూసి వెళ్ళిపోయారు. అలా ఎప్పుడూ జరగలేదని రిబ్కమ్మ అంది.

రెండు రోజుల తర్వాత నన్ను పిలిపించి ఫిర్యాదు చెప్పి రాయించారు. నేను ఎప్పుడూ ఆ ఆస్పత్రిలో పనిచేయలేదు, కామాక్షి గుండెను ఆ ఆపరేషన్ ముందు నేను పరీక్షించలేదు, పరీక్షించి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు. అంతే. ఆయన గురించి ఒక్క చెడ్డ మాట లేదు. సంతకం దగ్గర పేరు పూర్తిగా రాస్తూ సగంలో చెయ్యి ఆపారు. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. చాలాసేపటికి మిగతా సగం రాశారు.

ఆయన రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి వరండాలో రోగులతో పాటు కూర్చుని వెళ్ళాడు. రెండోసారి లోపలికి పిలిచి అన్నం పెట్టారు. పెట్టారు గానీ ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత విచారణ అన్నారు, ఎవరెవరో వచ్చి వెళ్ళారు. ఆ ఆస్పత్రిని పథకం నుంచి తీసేశారు. కొన్నాళ్ళు తలుపులు మూసి ఉన్నాయి. తర్వాత అదే కట్టడానికి కొత్త రంగు వేసి, కొత్త పేరుతో, బావమరిది పేరు మీద తెరిచారు. కామాక్షి చావు గురించి ఎవరికీ ఏ శిక్షా పడలేదు.

అంతా అయ్యాక ఆమె నంబరు వచ్చింది. కార్డు ప్రింటు తీసి తీసుకెళ్ళాను. పద్నాలుగు అంకెల మీదా వేలు పెట్టి చదివారు.

"అయితే నేనెవురో గవర్నమెంటుకు తెలిసిపోయింది," అన్నారు. "పద, తెలియాల్సినోళ్ళకు చెప్పొద్దాం."

వానలు ఇంకా మొదలవలేదు గానీ సముద్రం మీద మబ్బు పట్టి ఉంది. పాలెంలో పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలను ఆడవాళ్ళు గబగబా గంపలకెత్తుతున్నారు. ఆమెను చూసి చేతులు ఆపారు. ఎవరూ పలకరించలేదు. ఒకామె చూపుడు వేలితో ఇల్లు చూపించింది.

కామాక్షి భర్త పోలయ్య ఇంటి ముందు కూర్చుని చినిగిన వల కుడుతున్నాడు. ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల గడపలో కూర్చుని అతనికి నూలు కండె అందిస్తోంది. అతను మమ్మల్ని చూసి లేవలేదు. "నువ్వు లోపలికి పో," అన్నాడు కూతురితో.

ఆమె అక్కడే బోర్లించి ఉన్న ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చున్నారు. ఏం తిన్నావని అడగలేదు. బాధలో ఉన్నవాళ్ళతో ఆ మాట లేకుండా మాట మొదలుపెట్టడం నేను చూసింది అప్పుడొక్కసారే.

"పోలయ్యా, నేను ఆ ఆస్పత్రిలో ఎప్పుడూ పనిచేయలా. కామాక్షి అక్కడికి పోయిందని కూడా నాకు తెలీదు. నా పేరు నాకు తెలీకుండా వాడుకున్నారు. ఆ రోజు రాసింది నేను కాదు."

పోలయ్య చేతులు ఆగాయి. ఆమె వైపు చూడకుండా, "మీరు కాదా?" అన్నాడు.

"నేను కాదు."

"మరి మీరే చూసినారని చెప్పినారే."

"ఎవురు?"

"ఆస్పత్రోళ్ళు." అతను వల పక్కన పెట్టాడు. "మీరేగదమ్మా అప్పట్లో చెప్పింది. ఈ పిల్ల గుండె మంచిది కాదు, ఎవురన్నా కోస్తామంటే నన్నడగకుండా ఒప్పుకోవద్దు అని. అది గుర్తుండి, ఆ పొద్దున వాళ్ళతో గొడవేసుకున్నా. మా డాక్టరమ్మను అడిగిందాకా వేలిముద్ర వెయ్యను అన్నా. ఆమె మా దగ్గరే ఉండారు గదయ్యా, చూసి రాసి ఇప్పుడే పోయినారు అని కాగితం తెచ్చి చూపించినారు. నాకు చదువు రాదు. మీ పేరు మాత్రం గుర్తుపడతా. మీ చీటీలు ఎన్ని చూసుంటా! బయట బోర్డు మీద కూడా చూసినా. డాక్టరమ్మే చూసిందంటే ఇంకేం భయం అనుకుని వేలిముద్ర వేసినా."

నాకు ఆమె ముఖం వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

"ఎన్నోసార్లు మీ గేటు దాకా వచ్చినా," అన్నాడు పోలయ్య. "లోపలికొస్తే మీ మీద చెయ్యి చేసుకుంటానేమోనని తిరిగి పోయినా. వేటకి పోయినప్పుడు, నడి సముద్రంలో ఎవురూ వినరు గదా, అక్కడ గట్టిగా మిమ్మల్ని తిట్టేవాణ్ణి. తిట్టి తిట్టి, అప్పుడు వల ఏసుకునేవాణ్ణి. అట్టా బతికినా ఇన్నాళ్ళు." మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇప్పుడొచ్చి మీరు కాదంటుండారు. మీరు కానప్పుడు ఇంకెవురు? వేలిముద్ర వేసింది నేనే గదా. అది వద్దు వద్దంటానే ఉండింది. డాక్టరమ్మ చూసిందిలే అని నేనే లోపలికి పంపినా."

గడపలో ఆడపిల్ల మళ్ళీ వచ్చి నిలబడింది. తండ్రి ఏడవడం చూసి అక్కడే ఆగిపోయింది.

ఆమె డబ్బా మీద నుంచి లేచి, అతని ఎదురుగా ఇసుకలో కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, కూర్చోవడానికి చాలా కష్టపడ్డారు. కాసేపు అతని చేతుల వైపు చూసి, "నన్నే తిట్టుకో పోలయ్యా," అన్నారు.

అతను తలెత్తాడు.

"నువ్వు నమ్మింది నా పేరునే గదా. ఆ పేరు నాదే. వాడు నా దగ్గర పనిచేసినోడే. నా సర్టిఫికెట్ కాపీ వాడి చేతికిచ్చింది నేనే. నీ తప్పు ఇందులో ఏం లేదు. నన్నే తిట్టుకో."

పోలయ్య వల ఒళ్ళోకి లాక్కున్నాడు. కూతురు వచ్చి కండె అందించింది. ఆమె నా చెయ్యి పట్టుకుని పైకి లేచారు.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఉండబట్టలేక స్కూటీ ఆపేశాను. ఇంత కష్టపడి నిజం బయటికి తెచ్చుకుని, మళ్ళీ నిందంతా నెత్తిన వేసుకోవడం ఏమిటన్నాను. పాలెంలో అందరి ముందూ నేనే నిలబడి చెబుతానన్నాను.

"చెప్పొద్దు," అన్నారు. "నేనుండేదాకా ఆ పాలెంలో ఎవురికీ చెప్పొద్దు. వాడు ఇంకా సముద్రంలోకి పోవాల. ఆ పిల్లను పెంచాల. నాదేముంది, మోస్తా."

నేను చెప్పలేదు. ఆ తర్వాత ఆమె ఏడాదిన్నర బతికారు. పాలెం వాళ్ళు ఎవరూ ఆమె దగ్గరికి రాలేదు. జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా ఆటో ఎక్కి ఆమె గేటు ముందు నుంచే టౌన్‌కి పోయేవాళ్ళు. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె వరండాలో కూర్చుని రోడ్డు వైపు చూస్తూ కనిపించేవారు. అటు నుంచి వచ్చే ఆటోలో పిల్లల దగ్గు వినిపిస్తే మాట మధ్యలో ఆపేసి, అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా వినేవారు.